స్కూల్ పిల్లలకి క్వయర్ పాట నేర్పబోతున్న మా మేనకోడలికి

బంగారూ,

నిన్న ఫోన్‌లో నువ్వు చెప్పిన దగ్గర్నుంచీ నా మనసంతా అక్కడే ఉంది, అందుకే కూర్చుని రాస్తున్నా. తొమ్మిది, పది క్లాసుల పిల్లలకి వెస్టర్న్ క్లాసికల్ క్వయర్ (బృందగానం) పరిచయం చెయ్యమని నీకు అప్పజెప్పారు, నువ్వేమో మొదటి క్లాసు కోసం ఆ సంగీతం రాసిన బాఖ్ ఎవరు, హాండెల్ ఎవరు అని స్లైడ్లు చేస్తున్నానన్నావు. అవి పక్కన పెట్టెయ్ తల్లీ. ముప్ఫై ఏళ్లు చర్చిలో క్వయర్ నడిపాను కాబట్టి గట్టిగా చెప్తున్నా, ముందు పిల్లల్ని పాడించు. పక్కవాడు వేరే స్వరం పట్టుకుని ఉంటే తన స్వరం తను వదలకుండా ఒక్క పది సెకన్లు నిలబడితే ఒళ్లు జలదరిస్తుంది, ఆ తర్వాత హాండెల్ ఎవరు మేడమ్ అని వాళ్లే నీ వెంటపడతారు.

మొదటి రోజు శ్రుతి బాక్స్ ఒక్కటి చాలు. అందరిచేతా స పాడించు, బాగా కుదిరాక క్లాసుని మూడు గుంపులు చేసి ఒకళ్లని స మీదే ఉంచు, ఇంకో గుంపుని గ కి, మూడో గుంపుని ప కి పంపు. గ అంటే శంకరాభరణంలో గాంధారం. మంచి తంబూరా మీటితే కింది స తీగలోంచి ఆ అంతర గాంధారం దానంతటదే పైకి వినిపిస్తుంది, నువ్వు చిన్నప్పుడు నా ఒళ్లో కూర్చుని విన్నావు గుర్తుందా, తీగలో దాక్కున్న దాన్నే ఇప్పుడు గొంతులతో పాడుతున్నాం అని చెప్పు, పిల్లలకి హార్మొనీ పరాయిదనిపించదు. కర్ణాటకం నేర్చుకునే పిల్లలుంటే గ పాడమనగానే చిన్న ఊపు ఇస్తారు, అది వాళ్ల సాధన, తప్పనకు, ఇక్కడ మాత్రం స్వరం దీపంలా నిలకడగా ఉండాలి, ఊగితే మూడు స్వరాలూ ఒకదాన్నొకటి అంటుకోవు అని చేసి చూపించు. చేస్తే చెవికి వెంటనే తెలిసిపోతుంది.

పాటగా మొదట దోనా నోబిస్ పాచెమ్ అనే లాటిన్ రౌండ్ పెట్టు, రౌండ్ అంటే ఒకే ట్యూన్‌ని గుంపులు ఒకదాని తర్వాత ఒకటి మొదలుపెట్టి పాడటం. ఆ మాటలకి మాకు శాంతినివ్వు అని అర్థం, మొత్తం మూడే లైన్లు, ఒక్కోటి 8 బార్లు (మన తాళం ఆవర్తాల్లాంటివి). ఒక నెలపాటు అందరూ కలిసి మూడు లైన్లూ పాడాలి, తొందరపడకు, నేను తొందరపడి రెండో వారమే గుంపులు విడదీశాను, రెండో గుంపు వచ్చేసరికి మొదటి గుంపు దాంట్లో కలిసిపోయింది, పిల్లలు చిన్నబోయారు. ట్యూన్ నిద్రలో కూడా వచ్చేంతగా నోటికి వచ్చాకే విడదియ్యి.

లాటిన్ అని భయపడకు, బోర్డు మీద తెలుగు లిపిలో రాసెయ్. ఇంగ్లీష్ అక్షరాల్లో చూస్తే పిల్లలు డోనా అంటారు, పేసెమ్ అంటారు. తెలుగులో ద రాస్తే ద యే పలుకుతారు, మన అ ఆ ఇ ఈ లు అంత శుభ్రంగా ఉంటాయి కాబట్టి నోరు కూడా సరిగ్గా తెరుచుకుంటుంది. క్వయర్లో సగం అందం అందరి అచ్చులూ ఒకేలా ఉండటంలోనే ఉంది.

ఇక మగపిల్లలు. దీని మీద నువ్వు ఎక్కువ మనసు పెట్టాలి. ఆ వయసులో గొంతు మారుతూ ఉంటుంది, ఇవాళ పాడిన పై స్వరం వచ్చే నెల ఉండదు, కొందరికి హాయిగా అయిదారు స్వరాలే పలుకుతాయి. మీ నాన్నకి పద్నాలుగో ఏట గొంతు బొంగురుపోతే వాళ్ల మేష్టారు నువ్వు పెదాలు కదుపు చాలు, పాడకు అన్నారట, ఆ తర్వాత మీ నాన్న జీవితంలో మళ్లీ గొంతెత్తలేదు, ఆదివారం చర్చిలో కూడా పుస్తకం పట్టుకుని ఊరికే నిలబడతాడు. ఆ మాట నీ నోట ఎప్పుడూ రాకూడదు. నెలకోసారి ఒక్కొక్కడినీ విడిగా పిలిచి ఎక్కడి నుంచి ఎక్కడిదాకా పలుకుతోందో చూసుకో, ఆ అయిదారు స్వరాల్లో ఇమిడే లైను నువ్వే రాసివ్వు, అవసరమైతే స, ప రెండే ఇవ్వు. గొంతు నొప్పెడితే ఆపమను, అరిపించకు.

వినిపించేటప్పుడు మొత్తం పెట్టకు. హాండెల్ రాసిన మెస్సయ్య అనే పెద్ద క్వయర్ రచనలో హల్లెలూయా కోరస్ మన ఊళ్లో క్రిస్మస్‌కి ఎక్కడోచోట వింటూనే ఉంటారు, దాంట్లో కింగ్ ఆఫ్ కింగ్స్ అని సొప్రానోలు (అన్నిటికంటే పై గొంతువాళ్లు) పొడుగ్గా పట్టుకుని మెట్టు మెట్టుగా పైకెక్కే చోటు ఒక్కటే వినిపించు, మిగతా గొంతులు కింద ఏం చేస్తున్నాయో కనిపెట్టమను, మూడుసార్లు పెట్టు. అప్పుడు చెప్పు, హాండెల్ 1741లో మెస్సయ్య మొత్తం 24 రోజుల్లో రాశాడు, 1742లో డబ్లిన్‌లో మొదట పాడారు అని. పాడించడానికి మాత్రం మొదటి ఏడాది దాని జోలికి పోకు, టెనర్లకీ (మగవాళ్లలో పై గొంతువాళ్లు) సొప్రానోలకీ చాలా పైకి ఉంటుంది, పిల్లలు గొంతు చించుకుంటారు. ఆడపిల్లలకి వివాల్డి అనే సంగీతకర్త సంగతి చెప్పు, వెనిస్‌లో పియెతా అనే అనాథ శరణాలయంలో ఆడపిల్లలకి నేర్పేవాడు, వాళ్ల పాట వినడానికి ఎక్కడెక్కణ్ణుంచో జనం వచ్చేవాళ్లు.

ఏడాది చివరికి కుదిరితే మోత్సార్ట్ రాసిన ఆవే వేరుమ్ కోర్పుస్ అనే చిన్న లాటిన్ పాట పెట్టు. 46 బార్లే, 1791 జూన్‌లో ఆస్ట్రియాలోని బాడెన్‌లో క్వయర్ నడిపే స్నేహితుడికి రాసిచ్చాడు, ఆ డిసెంబర్‌లోనే చనిపోయాడు. గట్టిగా పాడాల్సిన పని లేదు, గొంతు తగ్గించే పాడాలి, అదే కష్టం. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో పెన్సిల్‌తో గుర్తు పెట్టించు.

ఇవి చర్చి పాటలు కదా అని కొందరు తల్లిదండ్రులు అడుగుతారు. దాచకు, అర్థం తెలుగులో రాసి ముందే ఇంటికి పంపు. క్రిస్టియన్ పిల్లనైన నాకు మా పక్కింటి మామ్మగారు త్యాగరాజు కృతులు ప్రేమగా నేర్పించారు, ఆ మాట వాళ్లకి చెప్పుకో, ఇంకా వద్దంటే ఆ పిల్లల్ని బలవంతం చెయ్యకు, మాటల్లేకుండా స గ ప పాడే చోట వాళ్లని కలుపుకో.

రౌండ్ కుదిరిన రోజు పిల్లల్ని మీ స్కూలు మెట్ల దగ్గరికి తీసుకెళ్లి పాడించు, మెట్లదారిలో గొంతులు గుండ్రంగా మోగుతాయి. అప్పుడు నాకు ఫోన్ చేసి పక్కన పెట్టు, నేను వింటూ ఉంటా.

ప్రేమతో,
అత్త