పెద్ద కోళ్లు పొడుస్తున్న 8 వారాల పిల్లలకు

మీ కోడిపిల్లలను పెద్ద కోళ్ల మధ్య వదిలిన రోజే అవి ఒకదాన్ని రక్తం వచ్చేలా పొడిచాయని, రాత్రి ఏదో జంతువు వల కింద తవ్విందని రాశారు. ముందు గాయపడినదాన్ని విడిగా ఉంచండి. ఎర్రటి మచ్చ కనిపిస్తే మిగతావి సరిగ్గా అక్కడే పొడుస్తాయి. తక్కిన పిల్లలను అదే ఆవరణలో జాలీ అడ్డుపెట్టి, పెద్దవాటికి కనిపిస్తూనే ముక్కుకు అందకుండా రెండు వారాలైనా ఉంచండి. ఒళ్లు దాదాపు సమానమయ్యాక అన్నిటినీ ఒకేసారి కలపండి. దాణా, నీళ్లు రెండు చోట్ల పెట్టండి. కాస్త తరమడం మామూలే. నేనైతే మొదటిసారి రోజంతా అనవసరంగా కాపలా కాశాను.

మీరు వాడిన పలచటి కోళ్ల వల కోళ్లను లోపల ఆపుతుందే గానీ వేటజంతువును బయట ఆపదు. 12 మిల్లీమీటర్ల గళ్ల గట్టి ఇనుప జాలీ బిగించి, అడుగున 30 సెంటీమీటర్లు బయటివైపు పరిచి మట్టి కప్పండి. గూడు అంచున తవ్వే గోళ్లకు ఇనుమే తగులుతుంది.