కాళ్ల తిమ్మిర్లు, డి8 దగ్గర గడ్డ: ఇంజెక్షన్‌తో మళ్లీ ఎమ్మారై ఎందుకు?

ప్రశ్న: మాది గుంతకల్లు దగ్గర పల్లె. మా అమ్మకు 56 ఏళ్లు, షుగర్ ఉంది. ఆరు నెలలుగా వీపు మధ్యలో నొప్పి, పడుకుంటే ఇంకా ఎక్కువ. రెండు నెలలుగా కాళ్లు తిమ్మిర్లు. నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలియడం లేదు. మొదట నడుముకు ఎమ్మారై తీస్తే పెద్దగా ఏమీ లేదన్నారు. తర్వాత వీపుకు తీస్తే డి8 (వీపు భాగంలో ఎనిమిదో పూస) దగ్గర 'ఇంట్రాడ్యూరల్ ఎక్స్‌ట్రామెడ్యులరీ' గడ్డ ఉందని, మెనింజియోమా లేదా ష్వానోమా కావచ్చని రాశారు. ఇప్పుడు ఇంజెక్షన్ వేసి మూడోసారి తీయాలంటున్నారు. ఇది క్యాన్సరా? ఇన్నిసార్లు అవసరమా?

సలహా: ముందుగా ఆ రిపోర్టులోని నోరు తిరగని మాట అర్థం చెబుతాను. వెన్నుపాము చుట్టూ డ్యూరా అనే గట్టి పొర సంచిలా ఉంటుంది. ఆ పొరకు లోపల, వెన్నుపాముకు బయట గడ్డ ఉందని దాని అర్థం. వెన్నులో గడ్డ ఏ రకమో తేల్చడంలో సగం పని ఈ చోటు తెలియడంతోనే అయిపోతుంది. పెద్దవాళ్లలో ఇక్కడ ఎక్కువగా కనిపించేవి మెనింజియోమా, ష్వానోమాలే. రెండూ దాదాపు ఎప్పుడూ క్యాన్సర్ కానివే, నెమ్మదిగా పెరిగేవే. కాబట్టి ఆ భయం చాలావరకు తగ్గించుకోవచ్చు. కానీ ఇరుకైన ఎముక గొట్టంలో పెరుగుతోంది కనుక వెన్నుపామును నొక్కేస్తుంది. చెప్పు జారినా తెలియకపోవడం ఆ ఒత్తిడికి గుర్తు కావచ్చు. షుగర్ తిమ్మిర్లేలే అని ఊరుకోకండి. బొడ్డుకు పైన బెల్టు బిగించినట్టు ఉందా, కాళ్లు బిగుసుకుపోతున్నాయా అని అమ్మగారిని అడగండి. ఇవి మామూలు షుగర్ తిమ్మిర్లలో కనిపించే లక్షణాలు కావు.

మొదటి స్కాన్‌లో గడ్డ దొరక్కపోవడానికి కారణం ఉంది. నడుము ఎమ్మారైలో సాధారణంగా డి11, డి12 నుంచి కిందికే కనబడుతుంది. డి8 దాని పరిధిలోకి రాదు.

ఇప్పుడు ఇంజెక్షన్ సంగతి. అది గాడోలినియం మందు. చాలా రకాల్లో కిలో బరువుకు 0.2 మిల్లీలీటర్లు, అంటే 60 కిలోల మనిషికి 12 మిల్లీలీటర్లు ఎక్కిస్తారు. మెనింజియోమా ఈ మందును గడ్డంతా ఒకేలా పట్టుకుని తెల్లగా వెలుగుతుంది. డ్యూరాకు వెడల్పుగా అతుక్కుని, అంచుల్లో పొర వెంట సన్నని తోకలా సాగుతుంది. వీపు భాగంలో, నడివయసు దాటిన ఆడవాళ్లలో ఇది ఎక్కువ. ష్వానోమా నరం వేరు నుంచి పుడుతుంది. టీ2 అనే రకం (నీరు తెల్లగా కనిపించే) ఎమ్మారై చిత్రాల్లో బాగా తెల్లగా, ఒక్కోసారి మధ్యలో నీటి తిత్తులతో ఉంటుంది. నరం బయటికి వచ్చే రంధ్రాన్ని వెడల్పు చేసి, డంబెల్ ఆకారంలో బయటికి కూడా పాకుతుంది. ఈ తేడా సర్జన్‌కు చాలా అవసరం. మెనింజియోమా అయితే అది అతుక్కున్న పొర సంగతీ చూడాలి. ష్వానోమా అయితే ఆ నరం వేరును కొన్నిసార్లు కోయాల్సి వస్తుంది, బయటికి పాకి ఉంటే ఆపరేషన్ దారే మారుతుంది.

డిఫ్యూజన్, పర్‌ఫ్యూజన్, ట్రాక్టోగ్రఫీ అనే అడ్వాన్స్‌డ్ ఎమ్మారైలు కూడా ఉన్నాయి. నా ఉద్దేశంలో మీ అమ్మగారికి వాటికోసం బెంగళూరు, హైదరాబాద్ పరుగెత్తాల్సిన పని లేదు. వెన్నుపాము లోపలే గడ్డ ఉన్నప్పుడు, నరాల పోగుల దారి చూపించే ట్రాక్టోగ్రఫీ పనికొస్తుంది. నరాల పోగులు పక్కకు తొలిగాయా (ఎపెండిమోమా అనే రకం గడ్డలో ఎక్కువగా ఇలా ఉంటుంది), గడ్డ వాటిలోకే చొరబడిందా (ఆస్ట్రోసైటోమా అనే రకంలో ఎక్కువగా ఇలా ఉంటుంది) అన్నది కొంతవరకు చెబుతుంది. వెన్నుపూస కూలిపోయినప్పుడు కెమికల్ షిఫ్ట్ అనే పద్ధతి మేలు. ఇందులో ఒకే చోటును రెండు రకాలుగా తీస్తారు: మొదటి దానికంటే రెండో రకం చిత్రంలో సిగ్నల్ 20 శాతానికి మించి తగ్గితే ఎముకలో కొవ్వు మిగిలే ఉందని, అది క్యాన్సర్ వల్ల కూలింది కాకపోవచ్చని అంచనా. రెండు పూసల మధ్య డిస్క్ కూడా తినేసి, పక్కన చీము సంచి ఉంటే ముందు టీబీని అనుమానించాలి. ఎంత మంచి యంత్రమైనా చివరి మాట ఆపరేషన్‌లో తీసిన ముక్కకు చేసే బయాప్సీదే.

మన అనంతపురం వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగిన ఊళ్లలో వెన్ను వెనక లిగమెంట్లు ఎముకలా గట్టిపడి ఇలాంటి తిమ్మిర్లే తెస్తాయి. అది ఎమ్మారైలో సాధారణంగా నల్లగా ఉంటుంది, సీటీలో స్పష్టంగా తెలుస్తుంది. మీ ఊళ్లో ఆ నీళ్ల సమస్య ఉంటే డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి.

స్కాన్‌కు వెళ్లేముందు సీరం క్రియాటినిన్ అనే కిడ్నీ రక్తపరీక్ష చేయించండి. షుగర్‌తో కిడ్నీ దెబ్బతిని జీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని వడకట్టే వేగం) 30 కంటే తక్కువ ఉంటే గాడోలినియం విషయంలో డాక్టర్ చాలా ఆలోచించాలి. పేస్‌మేకర్, మెదడులో క్లిప్పులు, పాత ఆపరేషన్ల ఇనుము ఏదైనా ఉంటే ముందే చెప్పాలి. మన ఆడవాళ్లు తాళిబొట్టు తాడుకు పిన్నీసులు గుచ్చుకుంటారు. బంగారాన్ని అయస్కాంతం లాగదు, ఆ పిన్నీసులను లాగుతుంది. తాడు, మెట్టెలు, ముక్కుపుడక, తలపిన్నులు అన్నీ ఇంట్లోనే తీసేసి రండి. సుమారు ముప్పావు గంట కదలకుండా పడుకోవాలి. కదిలితే చిత్రాలు మసకబారి మళ్లీ తీయాల్సి వస్తుంది.

మెడ నుంచి పూసలు లెక్కపెట్టేలా మొత్తం వెన్నుకు ఒక లోకలైజర్ చిత్రం తీయమని అడగండి. డి8ను డి7గా లెక్కేస్తే ఆపరేషన్‌లో తప్పు చోట కోత పడే ప్రమాదం ఉంది. ఫిల్ములు మాత్రమే కాదు, సీడీ కూడా అడిగి తీసుకోండి. సర్జన్‌కు ఒక్కో స్లైస్ తిప్పి చూడాల్సి ఉంటుంది. కర్నూలు సర్వజన వైద్యశాలలో న్యూరోసర్జరీ విభాగం ఉంది. కార్డు ఉంటే ఎన్టీఆర్ వైద్య సేవ కింద వర్తిస్తుందేమో అక్కడి వైద్యమిత్రను అడగండి.

ఈ లోగా మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, కాళ్లలో పట్టు తగ్గినా స్కాన్ తేదీ కోసం ఆగకండి. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.