పేరు ముందు అక్షరాలు

చిరంజీవికి,

నువ్వు పంపిన నలభయ్యో ఎపిసోడ్ రాత్రి చదివాను. భర్త పోయే ఎపిసోడ్. బాగుంది అనేస్తే నీకు సంతోషం, నాకు పని తక్కువ. కానీ మూడో పేజీలో గాజులు పగలడం మొదలై ఆరో పేజీ దాకా పగులుతూనే ఉన్నాయి. మధ్యలో ఓ ఉరుము, ఓ గుడిగంట. ఇంట్లో ఉన్న పదకొండు మందికీ తలా మూడు రియాక్షన్ షాట్లు. తిట్టడానికి చెప్పడం లేదు. నేనూ అచ్చం ఇలాగే మొదలుపెట్టాను.

నా మొదటి సీరియల్లో గాజుల సీన్‌ని రెండు రోజులు తీశాం. ఆర్టిస్టు గ్లిజరిన్ లేకుండా ఏడ్చింది, డైరెక్టర్ చప్పట్లు కొట్టాడు. మా యూనిట్లో హెయిర్ డ్రెస్సర్‌గా ఒక పెద్దావిడ ఉండేది. చిన్న వయసులోనే భర్త పోయాడు. ప్యాకప్ అయ్యాక, రాసింది నేనని పొంగిపోతూ ఆవిడ దగ్గరికెళ్ళి "ఎలా వచ్చిందమ్మా?" అని అడిగాను. పిన్నులు డబ్బాలో సర్దుకుంటూ అంది: "గాజులు ఎవరు తీశారో నాకు గుర్తే లేదమ్మా. ఆరోజు ఏదీ గుర్తులేదు. అంతా అయిపోయాక ఓ పూట గిన్నెలు తోముతున్నా. చప్పుడు రావట్లేదు. కుళాయి కట్టేసి చూసుకున్నా, ఏంటా అని. చేతులకి గాజులు లేవు కదా, అదీ సంగతి. అప్పుడు ఏడ్చా."

మేం ఆ సీన్ కోసం రీరికార్డింగ్‌లో పెట్టని మోత లేదు. ఆవిడకి మిగిలింది చప్పుడు ఆగిపోవడం.

ఇక అసలు విషయం. చావు రోజున నీ పాత్ర తన దుఃఖానికి తాను యజమాని కాదు. ఆరోజు ఇంటినిండా చుట్టాలే, ఎవరి ఏడుపు వాళ్ళది. ఆమెను లేపేవాళ్ళు, కూర్చోబెట్టేవాళ్ళు, నీళ్ళు తాగించేవాళ్ళు. ఆమె సొంత దుఃఖం అందరూ బస్సులెక్కి వెళ్ళిపోయాక మొదలవుతుంది. మనం సరిగ్గా అక్కడే 'కొన్ని నెలల తర్వాత' అని ఓ కార్డు వేసి దూకేస్తాం. రెండున్నర గంటల సినిమాకి దూకక తప్పదు. మనకేం తొందర? సోమవారం నుంచి శనివారం దాకా వచ్చే సీరియల్ ఏడాదికి 300 ఎపిసోడ్లు దాటుతుంది. నలభయ్యో ఎపిసోడ్లో పోయిన మనిషికి సంవత్సరీకం 350 దరిదాపుల్లో వస్తుంది. మధ్యలో మాసికాలుంటాయి, ఆయన లేని మొదటి పండగ ఉంటుంది, పెళ్ళిరోజు వచ్చిపోతుంది. ప్రేక్షకురాలి ఇంట్లో గోడ మీదున్న క్యాలెండరూ నీ కథలో క్యాలెండరూ ఒకటే. ఈ వసతి నవల రాసేవాళ్ళకి కూడా లేదు. దాన్ని ఓ కార్డు వేసి పారేయకు.

కథా చర్చల్లో ఎవరో ఒకరు 'దుఃఖానికి ఐదు దశలు' అంటారు, చూస్తూ ఉండు. మొదట ఒప్పుకోకపోవడం, తర్వాత కోపం, అలా వరసగా చివరికి ఒప్పుకోవడం. ట్రాక్ వేసుకోవడానికి భలే వీలుగా ఉంటుంది మరి. ఎలిజబెత్ క్యూబ్లర్-రాస్ అనే మానసిక వైద్యురాలు 1969లో ఆ దశలు రాసింది చావుకు దగ్గరైన రోగులతో మాట్లాడి. వెనక మిగిలిపోయినవాళ్ళకి వాటిని అతికించడం తర్వాతి సంగతి. నాకు పనికొచ్చింది 1999లో మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే ఇద్దరు పరిశోధకులు చెప్పిన మాట. మనిషి మెట్లు ఎక్కినట్టు దుఃఖం దాటడు, కాసేపు పోయినదాని వైపు, కాసేపు బతకాల్సినదాని వైపు ఊగుతూ ఉంటాడని. మనకి దానికి ఊగిసలాట అని మాట ఉండనే ఉంది. పొద్దున ఆమె కుళాయి బాగుచేసేవాడితో యాభై రూపాయల దగ్గర బేరమాడి గెలిచి నవ్వనీ. సాయంత్రం ఆయన చెప్పులు ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తో పట్టుకుని ఇల్లంతా తిరగనీ. రెండూ ఒకే ఎపిసోడ్లో రావాలి. నవ్విన సీన్ కొట్టేయమని ఛానెల్ వాళ్ళు అంటారు, 'మొగుడు పోయి నెల కాలేదు, ఆడవాళ్ళు ఒప్పుకోరు' అని. ఒప్పుకోనిది ఆడవాళ్ళు కాదని నా అనుమానం.

కాగితాల గురించి నీ స్క్రిప్టులో ఒక్క ముక్క లేదు. చావుని 21 రోజుల్లోపు నమోదు చేయించాలి. ఆ సర్టిఫికెట్ వచ్చాక తహసీల్దారు ఆఫీసు నుంచి కుటుంబ సభ్యుల ధ్రువపత్రం. బ్యాంకు ఖాతాకి ఆయన ఫోన్ నంబరే ఇచ్చి ఉంటారు, ఓటీపీ దానికే వస్తుంది. అందుకని పోయినాయన ఫోన్‌కి నెలనెలా రీచార్జి చేయిస్తారు. ఫ్యామిలీ పెన్షన్ వస్తే ఇంకా తమాషా, తాను బతికే ఉన్నానని ఏటా రుజువు ఇవ్వాలి.

మా బాబాయి పోయాక పిన్నితో నేనే పెన్షన్ ఆఫీసుకి వెళ్ళాను. పిన్ని తెలుగు పంతులమ్మ, అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి. 'భర్త పేరు' అన్నచోట ముప్పై ఏళ్ళుగా రాస్తున్నట్టే గబగబా రాసేసింది. గుమాస్తా ఫారం వెనక్కి తోసి "పేరు ముందు కీ.శే. పెట్టండమ్మా" అని స్టేప్లర్ పిన్నులు వెతుక్కోవడంలో పడ్డాడు. పిన్ని 'కీ' రాసింది. చుక్క పెట్టింది. పెన్ను అక్కడే ఆగింది. నావైపు తిరిగి మెల్లగా అడిగింది: "శేకి దీర్ఘం ఉంటుందా?"

ఎన్ని వందలమంది పిల్లలకి గుణింతం దిద్దించిన చేయో అది. ఆ సీన్ ఇప్పటిదాకా ఏ సీరియల్లోనూ వాడుకోలేకపోయాను. నీకిస్తున్నాను, తీసుకో.

మనవాళ్ళకి పేరు ముందు అక్షరాలంటే ఎంత ఇష్టమో చూడు. పెళ్ళి శుభలేఖలో అమ్మాయి పేరు ముందు చి.ల.సౌ., మొగుడు పోతే పాత ఉత్తరాల్లో గం.భా.స., అంటే గంగాభాగీరథీ సమానురాలు. గంగతో సమానమని రాసి శుభకార్యంలో వెనక వరసలో కూర్చోబెట్టేవారు. ఇప్పుడా అక్షరాలు పోయాయి, వెనక వరస చాలా ఇళ్ళలో అలాగే ఉంది. వీరేశలింగం గారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించింది 1881లో. అంతకు పాతికేళ్ళ ముందే, 1856లో, చట్టం వచ్చేసింది. మన సీరియల్లో మాత్రం ఆమెకి మళ్ళీ పెళ్ళి అనగానే ఊరంతా ఇవాళే విన్నట్టు గుండెలు బాదుకుంటుంది. ఆ ట్రాక్ రాయొద్దనను. బాదుకోవడం మాత్రం తగ్గించు.

అత్తగారి సంగతి. "నా కొడుకే పోయాక ఈ ఇంట్లో నీకేం హక్కుంది?" అని రాశావు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా లేకపోతే కొడుకు సొంత ఆస్తిలో భార్యకీ పిల్లలకీ తల్లికీ తలా ఒక సమాన వాటా. అంటే ఆ ఇంట్లో అత్తాకోడళ్ళిద్దరూ సమాన వాటాదారులు. లాయరు ఆ మాట చెప్పగానే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకునే సీన్ ఎంత బాగుంటుంది! వాటా ఆస్తిలోనే కాదు కదా. పోయినవాడు ఆవిడ కన్న కొడుకు. నువ్వు ఆవిడ చేత ఒక్కసారైనా ఒంటరిగా ఏడిపించలేదు, తిట్టడానికే వాడుకున్నావు. భర్త పోయిన కోడలిమీద జాలిపడటానికి కొడుకు పోయిన తల్లిని రాక్షసిని చేయడం మన సీరియళ్ళ పాత జబ్బు. నేనూ చేశాను, రేటింగూ వచ్చింది.

కన్యాశుల్కం మొదట ఆడింది 1892లో. అందులో బుచ్చమ్మ, మీనాక్షి, పూటకూళ్ళమ్మ ముగ్గురూ వితంతువులే. అమాయకంగా నమ్మేది ఒకరు, రామప్పపంతులుతో సంబంధం పెట్టుకున్నది ఒకరు, చీపురుకట్ట పట్టుకుని గిరీశాన్ని వెతుక్కుంటూ వచ్చేది ఒకరు. ఏ ఇద్దరికీ పోలిక లేదు. మనం ఇన్నేళ్ళుగా తెల్లచీరలో ఒకే మనిషిని తీస్తున్నాం.

గురువారం రేటింగులొస్తాయి. సంఖ్య పడితే నీ మీదే పడతారు, గాజుల సీన్ వెనక్కి తెమ్మంటారు. ఒకటి ఇచ్చి ఒకటి తీసుకో. ఉరుము వాళ్ళకిచ్చెయ్, గిన్నెలు తోమే సీన్ మాత్రం వదలకు. అందులో డైలాగు పెట్టొద్దు. సంగీతం పెట్టకండని సీన్ పేపర్ మీద పెద్దక్షరాలతో రాయి, అయినా పెడతారు, ఎడిటింగ్ రోజు వెళ్ళి పక్కన కూర్చో.

ఇంకొకటి. నీ కథలో ఆ ఇంటికొచ్చే పెద్దావిడ ఉంది చూడు, ఎప్పుడో భర్త పోయి, కోడలికి ధైర్యం చెప్పే ఆవిడ. స్క్రిప్టంతా వెతికాను. 'వితంతువు' అనే రాశావు తప్ప ఆవిడకి పేరు లేదు. ఏదో ఒక పేరు పెట్టి, ఈ ఎపిసోడ్ తిరగరాసి శనివారంలోపు పంపు.

ఆశీస్సులతో,
మీ మేడమ్