పాత రైఫిల్‌కి ఏ బుల్లెట్? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: పెన్సిల్వేనియాలో ఉంటాను. ఇంతకాలం .30-06 రకం రైఫిల్‌కి తూటాలు నేనే నింపుకునేవాణ్ణి. ఈమధ్య పాత వించెస్టర్ 94 రైఫిల్ ఒకటి కొన్నాను, .30-30 రకం తూటాది. నా దగ్గర 150 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బరువు కొలత) సూదిముక్కు బుల్లెట్లు, అంటే తూటా కొనకి బిగించే లోహపు ముక్కలు, డబ్బాలకొద్దీ ఉన్నాయి. రెండింటికీ వ్యాసం .308 అంగుళాలే కదండీ, ఈ జింకల సీజన్‌కి వాటినే వాడేయొచ్చా?

జవాబు: వద్దండీ. ఆ రైఫిల్‌లో తూటాలు బారెల్ కింద ఉన్న గొట్టంలో ఒకదాని వెనక ఒకటి ఉంటాయి, వెనకదాని ముక్కు ముందుదాని ప్రైమర్‌కి (తూటా అడుగున దెబ్బ తగిలితే నిప్పంటుకునే భాగానికి) ఆనుకుంటుంది. రైఫిల్ వెనక్కి తన్నినప్పుడు ఆ సూదిముక్కు ప్రైమర్‌ని పొడిచిందంటే తూటా గొట్టంలోనే పేలొచ్చు, మీ ఎడమ చెయ్యి ఉండేది సరిగ్గా అక్కడే. అందుకే .30-30కి మొదట్నుంచీ బల్లపరుపు ముక్కు, గుండ్రటి ముక్కు బుల్లెట్లే వాడుతున్నారు.

అది ప్రమాదం సంగతి. దాన్ని పక్కన పెట్టినా మీ బుల్లెట్లు ఇక్కడ సరిగ్గా పనిచెయ్యవు, కారణం వేగం. .30-06లో 150 గ్రెయిన్ల బుల్లెట్ సెకనుకు సుమారు 2,900 అడుగుల వేగంతో బయల్దేరుతుంది. .30-30లో అదే బరువు 2,400 దాటడం కష్టం. 170 గ్రెయిన్లదైతే 2,200 దగ్గర మొదలై, ముక్కు మొద్దుగా ఉండడం వల్ల గాలికి త్వరగా నెమ్మదించి, 200 గజాలు చేరేసరికి 1,600కి పడిపోతుంది. ఎక్కువ వేగాన్ని దృష్టిలో పెట్టుకుని మందమైన రాగి తొడుగుతో చేసిన బుల్లెట్ అంత నెమ్మదిగా తగిలితే సరిగ్గా విచ్చుకోకుండా సన్నటి కన్నం చేసి అవతలికి పోవచ్చు, జింక పరిగెత్తి పొదల్లో పడి గంటలు గంటలు బాధపడుతుంది. .30-30 కోసమే చేసిన వాటికి తొడుగు పల్చగా, కొనదగ్గర మెత్తటి సీసం వెడల్పుగా బయటికి కనబడుతూ ఉంటుంది, తక్కువ వేగానికే తెరుచుకుంటాయి. మళ్లీ వీటిని తీసుకెళ్లి .30-06లో పూర్తి మందు నింపి పేల్చకండి, దగ్గరి జింకకి తగిలితే లోతుకి వెళ్లకముందే ముక్కలైపోతాయి.

150యా, 170యా అంటే జింక మటుకు రెండింటికీ పడుతుంది. నా ఓటు 170కి, చెట్ల మధ్య ఏ కోణంలో నిలబడుతుందో తెలియదు కాబట్టి కాస్త లోతుగా వెళ్లేదే మేలు. హార్నడీ వాళ్లు మెత్తటి రబ్బరులాంటి కొనతో ఎఫ్‌టీఎక్స్ అని చేస్తారు, సూదిముక్కే అయినా గొట్టంలో వాడుకోవచ్చు, .30-30కి 160 గ్రెయిన్లది. దూరంలో వేగం బాగా నిలుపుకుంటుంది, కాకపోతే 80 గజాల్లో కాల్చేవాళ్లకి దానితో పెద్దగా ఒరిగేదేమీ లేదు.  ఏది కొన్నా చుట్టూ గాడి ఉన్నదే కొనండి, కేస్ (మందు ఉండే తూటా గొట్టం) మూతిని ఆ గాడిలోకి గట్టిగా నొక్కకపోతే, తూటాల్ని తోసే స్ప్రింగ్ ఒత్తిడికి, రైఫిల్ తన్నుకి బుల్లెట్ కేస్‌లోకి దిగిపోతుంది.

ప్రశ్న: నాది సావేజ్ 99 రైఫిల్, .250 సావేజ్ అనే తూటాది. 87, 100, 120 గ్రెయిన్లలో జింకకి ఏది?

జవాబు: 100. మీది తిరిగే మ్యాగజైన్, తూటాలు పక్కపక్కన ఉంటాయి, కాబట్టి సూదిముక్కుకి భయం లేదు. 87 కథ తమాషాగా ఉంటుంది. 1915లో ఈ తూటా వచ్చినప్పుడు, దాన్ని రూపొందించిన చార్లెస్ న్యూటన్ 100 గ్రెయిన్లే పెట్టమన్నాడు. సావేజ్ కంపెనీకేమో సెకనుకు 3,000 అడుగుల వేగం అని ప్రచారం చేసుకోవాలని కోరిక, అందుకని 87కి దించి .250-3000 అని పేరు పెట్టింది. అంటే ఆ బరువుని నిర్ణయించింది ప్రకటన, జింక కాదు! ఈరోజు దొరికే 87 గ్రెయిన్ల బుల్లెట్లలో చాలావరకు చిన్న జంతువుల కోసం చేసినవి, తగలగానే చితికిపోతాయి.

120 దగ్గర వేరే చిక్కు ఉంది. బుల్లెట్‌ని గిర్రున తిప్పడానికి బారెల్ లోపల ఉండే మెలికల గాడి పాత బారెళ్లలో 14 అంగుళాలకి ఒక చుట్టు తిరుగుతుంది, పొడుగాటి బుల్లెట్ ఆ నెమ్మది తిప్పుడికి నిలకడగా ఎగరకపోవచ్చు. మీదెంతో చూసుకోవడం తేలికే: శుభ్రం చేసే కడ్డీకి గుడ్డ బిగుతుగా చుట్టి బారెల్‌లోకి తోయండి, కడ్డీ ఒక పూర్తి చుట్టు తిరిగేసరికి ఎన్ని అంగుళాలు లోపలికి వెళ్లిందో కొలవండి. ఖర్చుకి వెనకాడకపోతే నాస్లర్ పార్టిషన్ 100 గ్రెయిన్లది ఉంది, మధ్యలో అడ్డుగోడ ఉంటుంది, ముందు సగం తెరుచుకున్నా వెనక సగం చెక్కుచెదరకుండా లోతుకి వెళ్తుంది. మామూలు వైట్‌టెయిల్ జింకకి మాత్రం అంత అవసరం లేదు, సాదా సీసం, రాగి తొడుగు బుల్లెట్ చాలు.

ప్రశ్న: కాలిఫోర్నియాలో సీసం కుదరదంటున్నారు. పాత .30-30ని అటకెక్కించాల్సిందేనా?

జవాబు: అక్కర్లేదు. 2019 జులై 1 నుంచి అక్కడ వేటకి సీసం లేని తూటాలే వాడాలి, నిజమే. పూర్తిగా రాగితో చేసిన బల్లపరుపు ముక్కు బుల్లెట్లు .30-30కి విడిగా దొరుకుతున్నాయి, బార్న్స్‌ది 150 గ్రెయిన్లది ఒకటి. రాగి సీసంకంటే తేలిక, అంచేత అదే బరువుకి బుల్లెట్ పొడుగు పెరిగి కేస్‌లో మందు చోటు తినేస్తుంది. 170 కోసం పట్టుబట్టకుండా 150కి దిగండి. రాగి ముక్కలుగా రాలిపోదు కాబట్టి లోతుకి లోటుండదు.

ప్రశ్న: టార్గెట్ పోటీల బుల్లెట్లు చాలా కచ్చితంగా వెళ్తున్నాయి, ముక్కుకి కన్నం కూడా ఉంది. జింకకి వాడొచ్చా?

జవాబు: ఆ కన్నం చూసి మోసపోకండి, అది తయారీ పద్ధతి వల్ల మిగిలింది, జంతువులో తెరుచుకోవడానికి పెట్టింది కాదు. ఒకటి విచ్చుకుంటుంది, ఇంకోటి విచ్చుకోదు. ఇక పూర్తి తొడుగున్న మిలిటరీ రకమైతే చాలా రాష్ట్రాల్లో జింక వేటకి చట్టమే ఒప్పుకోదు.

ప్రశ్న: ఒక కంపెనీ 170 గ్రెయిన్ల బుల్లెట్‌కి పుస్తకంలో ఇచ్చిన మందు కొలత ఇంకో కంపెనీ 170కి పనికొస్తుందా?

జవాబు: రాదు. బరువొకటే అయినా పొడుగు, తొడుగు గట్టితనం, బారెల్‌కి ఆనే భాగం వేరు, వాటితోపాటు ఒత్తిడీ మారుతుంది. ఏ బుల్లెట్ కొన్నారో ఆ బుల్లెట్‌కి ఇచ్చిన లెక్కే తీసుకుని, అందులో అన్నిటికంటే తక్కువ కొలత దగ్గర మొదలుపెట్టండి.