అర్ధరాత్రి లేచి మావారి ఫోన్ చూస్తున్నా.. నాది అనుమానం జబ్బా?

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. పెళ్లై ఆరేళ్లయింది, నాలుగేళ్ల పాప ఉంది. హైదరాబాద్‌లో ఉంటాం. మావారు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. రెండు నెలల కిందట ఆయన స్నానానికి వెళ్లినప్పుడు ఫోన్‌కి ఒక డేటింగ్ యాప్ ఓటీపీ వచ్చింది. అడిగితే ‘ఏదో స్పామ్’ అన్నారు. అప్పటి నుంచి ఫోన్ బోర్లా పెడుతున్నారు, ప్యాటర్న్ కూడా మార్చారు. రాత్రి రెండింటికి లేచి, నిద్రలో ఉన్న ఆయన వేలు ఆనించి ఫోన్ తెరుస్తున్నాను. ఏమీ దొరకలేదు. అయినా మనసు ఆగక, వేరే పేరుతో అదే యాప్‌లో ప్రొఫైల్ పెట్టి ఆయన కోసం వెతుకుతున్నాను. గుండె దడ, నాలుగు కిలోలు తగ్గాను. పది రోజులుగా మా అమ్మ వాడే ఆల్‌ప్రాజోలం (ఆందోళన తగ్గించే మందు) సగం మాత్ర వేసుకుని పడుకుంటున్నాను. రెండో బిడ్డ కోసం ప్రయత్నిస్తున్నాం. ఈసారి పీరియడ్ 12 రోజులు ఆలస్యమైంది, టెన్షన్ వల్లేమో. నాది అనుమానం జబ్బా?

జవాబు: ముందు మీ చివరి మాట దగ్గరికి వస్తానమ్మా. బిడ్డ కోసం ప్రయత్నిస్తూ 12 రోజులు దాటితే టెన్షన్ అని సరిపెట్టుకోవద్దు. రేపు పొద్దున లేవగానే ఇంట్లోనే కిట్‌తో మూత్ర పరీక్ష చేసుకోండి. టెన్షన్‌తో పీరియడ్ ఆలస్యమవడం నిజమే కానీ, గర్భం లేదని తేలాకే ఆ మాట అనుకోవాలి. దడ, బరువు తగ్గడం ఉన్నాయి కాబట్టి థైరాయిడ్ పరీక్ష కూడా చేయించండి.

మీ అమ్మగారి మాత్ర ఆమెకు రాసింది, మీకు కాదు. ఆల్‌ప్రాజోలం త్వరగా అలవాటైపోతుంది. పది రోజులే కాబట్టి ఇప్పుడే డాక్టర్‌కి చూపించి, ఆయన చెప్పినట్టు ఆపేయండి. గర్భం అని తేలితే ఈ సంగతి గైనకాలజిస్ట్‌కి దాచకుండా చెప్పండి.

ఇక మీరు అడిగింది. అనుమానం జబ్బు ఉన్నవాళ్లు ‘నాది జబ్బా?’ అని సాధారణంగా అడగరు. కళ్లెదుట రుజువు పెట్టినా వాళ్ల నమ్మకం కదలదు. మీకు కంటితో చూసిన ఒక కారణం ఉంది. పైగా మిమ్మల్ని మీరే ప్రశ్నించుకుంటున్నారు. కానీ రాత్రి రెండింటికి లేచి ఫోన్ వెతకడం మాత్రం వేరే సంగతి. ఫోన్‌లో ఏమీ కనపడకపోతే పది నిమిషాలు ఊరట, ఆ తర్వాత ‘డిలీట్ చేసేశాడేమో’ అని మళ్లీ మొదలు. గ్యాస్ కట్టేశామా లేదా అని పదిసార్లు వంటింట్లోకి వెళ్లేవాళ్లను రోజూ చూస్తుంటాను. చూసినకొద్దీ చూడాలనిపించడం రెండు చోట్లా ఒకటే. పడుకునేటప్పుడు మీ ఫోన్ హాల్లో పెట్టండి. రెండింటికి మెలకువ వస్తే మంచం దిగి నీళ్లు తాగి, వేరే గదిలో కాసేపు కూర్చోండి. మొదటి వారం కష్టంగానే ఉంటుంది.

ఓటీపీ ఒక్కటే రుజువు కాదు. వేరెవరో నంబర్ తప్పు కొట్టినా వస్తుంది. అలాగని ఆ తర్వాత ఫోన్ బోర్లా పెట్టడాన్ని పట్టించుకోవద్దని నేను అనను. ఎవరో చెప్పారని ఆయన ఫోన్‌లో స్పై యాప్ మాత్రం వేయకండి. తిరిగి మీ మీదే కేసు కావచ్చు.

ఆయన సంగతి తేలేదాకా కండోమ్ వాడండి. హెచ్ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్-బి పరీక్షలు చేయించుకోండి. ఎవరికేం చెప్పాలా అని మొహమాటపడకండి. గర్భిణులందరికీ ఈ మూడూ ఎలాగూ చేస్తారు. గర్భం లేకపోయినా ప్రభుత్వాసుపత్రిలోని ఐసీటీసీ (హెచ్ఐవీ సలహాలు, పరీక్షల) కేంద్రంలో హెచ్ఐవీ పరీక్ష ఉచితం, వివరాలు బయటకు పోవు. ఇటీవలే సోకి ఉంటే మొదటి పరీక్షలో దొరక్కపోవచ్చు, మూడు నెలలకు మరోసారి చేయించాలి. ఒకవేళ ఏదైనా బయటపడినా, బిడ్డకు రాకుండా చూసుకునే దారులున్నాయి. సిఫిలిస్ అయితే పెన్సిలిన్ ఇంజెక్షన్‌తో నయమవుతుంది.

ఆయన్ని అడగడం తప్పదు. పాప పడుకున్నాక, సెలవు రోజున అడగండి. అత్తగారినో, మీ అన్నయ్యనో మధ్యలో పెట్టి పంచాయితీ చేయొద్దు. ‘నువ్వు మోసం చేస్తున్నావు’ అని మొదలుపెడితే ఆయన వాదనకు దిగుతారు. ‘ఆ రోజు ఓటీపీ చూశాను. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. అసలేం జరిగిందో చెప్పండి’ అని అడిగి, మీరు ఆగండి. ఆ మౌనం భరించడమే కష్టం, అయినా మధ్యలో అందుకోవద్దు. నిజమే అని ఒప్పుకుంటే ఆ రాత్రే ఏ నిర్ణయమూ తీసుకోవద్దు. ఆయనా పరీక్షలు చేయించుకోవాలని మాత్రం గట్టిగా చెప్పండి. తిట్టినా, చేయి చేసుకున్నా మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి. మనసు మరీ బరువెక్కితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడతారు.

అన్నట్టు, మీరు పెట్టిన ఆ దొంగ ప్రొఫైల్. పేరు మార్చినా నంబర్ మీదే అయ్యుంటుంది. రేపు ఎవరైనా స్క్రీన్‌షాట్ తీస్తే జవాబు చెప్పుకోవాల్సింది మీరవుతారు. ఇవాళే తీసేయండి. యాప్ అన్‌ఇన్‌స్టాల్ చేస్తే అకౌంట్ పోదు, సెట్టింగ్స్‌లోకి వెళ్లి దాన్ని డిలీట్ చేయాలి.