మీ ప్రశ్న – మా జవాబు: 'మెట్రోపోలిస్' రోబోలు

ప్రశ్న: జపాన్ యానిమేషన్ సినిమా 'మెట్రోపోలిస్' (2001) అదే పేరుతో 1927లో వచ్చిన జర్మన్ మూకీకి రీమేకా?

జవాబు: కాదు. మూలం ఒసాము తెజుకా 1949లో గీసిన కామిక్. ఆయన అప్పటికి ఆ మూకీ చూడనేలేదు, పత్రికలో ఒక్క స్టిల్ చూశారంతే. కామిక్‌లో ముఖ్యపాత్ర మిచీ అనే కృత్రిమ మనిషి, గొంతులోని మీట నొక్కితే అబ్బాయి అమ్మాయవుతుంది. సినిమాలో ఆ చోటికి టిమా అనే రోబో అమ్మాయి వచ్చింది. తుపాకీ పట్టుకు తిరిగే రాక్ ఆ కామిక్‌లో లేనే లేడు. తమాషా ఏమిటంటే, మూకీ ఛాయలు కామిక్‌లో కన్నా రింతారో తీసిన ఈ సినిమాలోనే ఎక్కువ.

ప్రశ్న: రోబోలకు జరిగే అన్యాయం ఎక్కడ పట్టుకోవాలి? కథ కాస్త గజిబిజిగా ఉంది.

జవాబు: ఆ నగరం అంతస్తులుగా ఉంటుంది, ఎవరు ఏ అంతస్తు దాటకూడదో చూడండి, చాలు. కేటాయించిన చోటు దాటి పైకొచ్చిన రోబోను వేడుక మధ్యలోనే కాల్చేస్తారు. డిటెక్టివ్ రోబోకు మనిషి పేరు పెట్టకూడదు, అందుకే దానితో కలిసి పనిచేసే డిటెక్టివ్ పెద్దాయన తన కుక్క పేరు 'పెరో' అని పిలుస్తాడు. ఆ పెరోను కూల్చేది సర్కారు కాదు, పనులు పోయి తిరగబడ్డ జనం. సినిమాకు గుండెకాయ ఆ సీనే అని మా అభిప్రాయం.

ప్రశ్న: ఆ సినిమాలోలాగే చేత్తో గీసిన బొమ్మను 3డి వీధిలో నడిపిస్తున్నాం. కాళ్లు నేలమీద జారుతున్నాయి. ఎందుకు?

జవాబు: సెకనుకు 24 ఫ్రేములు. మీరు 8 బొమ్మలే గీసి ఒక్కొక్కటి 3 ఫ్రేములు నిలుపుతున్నారనుకుందాం. కెమెరా మాత్రం ప్రతి ఫ్రేముకూ కదులుతుంది. బొమ్మ తెరకు అతుక్కుని ఉంటే, దాని కింద నేల జరిగిపోతుంది. కాబట్టి బొమ్మను 3డి సీన్ లోపలే పలచని అట్టలా నిలబెట్టండి.

అప్పటికీ జారితే తప్పు కీఫ్రేముల్లో, అంటే అట్ట ఏ ఫ్రేములో ఎక్కడుండాలో చెప్పే గుర్తుల్లో ఉంటుంది. అట్టను నున్నగా జరిపే కీఫ్రేములు పెట్టి ఉంటారు. అవి తీసేసి, బొమ్మ మారిన ఫ్రేములోనే అట్ట గెంతేలా, మధ్యలో కదలకుండా నిలిపే 'హోల్డ్' కీఫ్రేములు పెట్టండి. కాలు ఆనినంతసేపూ మడమ నేలమీద ఒకే గుర్తును తాకాలి. అడుగు మారాకే రెండో గుర్తు. నేలకు గళ్లు గీసి, మొహం వైపు చూడకుండా మడమనే చూస్తూ ఆడించండి, దొంగ ఎక్కడున్నాడో దొరుకుతాడు. కెమెరా వేగంగా పరిగెత్తే షాట్లకు 12 బొమ్మలైనా గీయక తప్పదు. ఓపిక లేకపోతే నడుము పైనుంచి ఫ్రేము పెట్టండి, అందులో నామోషీ ఏమీ లేదు.

ప్రశ్న: చివరికి టిమా ఏమైంది?

జవాబు: పేర్లు పడుతున్నాయని ఆపేసినట్టున్నారు. అవి అయ్యాక ఒక ఫొటో వస్తుంది, అందులో దుకాణం బోర్డు చదవండి.