ఇంటి తొట్టిలో చెర్రీ రొయ్యలు చస్తున్నాయి: వైట్‌స్పాట్ కాదు, నీళ్ళ లోపం

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లా ఉండి మండలం. వెనామీ (చెరువుల్లో పెంచే రొయ్య) సాగు చేస్తాను. మా అమ్మాయి సరదా పడిందని నెల క్రితం ఇంట్లో పొడవు, వెడల్పు, ఎత్తు అడుగు చొప్పున ఉన్న గాజు తొట్టి పెట్టాం. ఇసుక, మొక్కలు వేసి మర్నాడే 20 ఎర్ర చెర్రీ రొయ్యలు (అక్వేరియంలో పెంచే చిన్న మంచినీటి రొయ్యలు) వదిలాం. బోరు ఉప్పగా ఉంటుందని మంచినీళ్ళ టిన్ను పోస్తున్నాం. వారానికోసారి సగం నీళ్ళు మారుస్తున్నాం. వెనామీ మేతే రోజుకు రెండు పూటలా వేస్తున్నాం. మూడో వారం నుంచి రోజుకు ఒకటి రెండు చొప్పున చచ్చిపోయి ఇప్పుడు ఏడే మిగిలాయి. చచ్చిన వాటికి తల, పొట్ట కలిసే చోట తెల్ల గీత కనిపిస్తోంది. వైట్‌స్పాట్ (రొయ్యల వైరస్ జబ్బు) అనుకుని చెరువులో వాడే బీకేసీ (సూక్ష్మజీవులను చంపే మందు) ఒక్క చుక్క వేశాను. అద్దాలకు నాచు పట్టిందంటే షాపతను నాచు మందు, బ్యాక్టీరియా సీసా ఇచ్చాడు. ఇప్పుడు ఏ మందు వాడాలి? ఇది మా చెరువులకు అంటుకుంటుందా?

సమాధానం: ఏ మందూ వద్దు. ఇప్పటికే వేసినవే ఎక్కువయ్యాయి.

ఇది వైట్‌స్పాట్ కాదు. వైట్‌స్పాట్ వస్తే తల గుల్ల లోపలివైపు అర మిల్లీమీటరు నుంచి రెండు మిల్లీమీటర్ల మచ్చలు కనిపిస్తాయి, గుల్ల వదులవుతుంది, రొయ్య మేత మానేస్తుంది, మూడు నుంచి పది రోజుల్లో చెరువు ఖాళీ అవుతుంది. మీరు రాసింది మచ్చ గురించి కాదు, గీత గురించి. రొయ్య మోల్టింగ్‌కు (పాత గుల్ల విడవడానికి) దిగినప్పుడు పాత గుల్ల మెడ వెనక ఒకచోట చీలాలి. అక్కడి నుంచి రొయ్య వెనక్కి వంగి ఒక్క ఊపులో బయటికి వచ్చేస్తుంది. అలా చీలకుండా గుల్ల నడుము చుట్టూ తెగితే ముందు ముక్క, వెనక ముక్క రెండూ ఒంటికి అంటుకునే ఉంటాయి. మధ్యలో తెల్ల ఉంగరం కనిపిస్తుంది. రొయ్య అందులోంచి రాలేక చచ్చిపోతుంది. చెర్రీ రొయ్యలు పెంచేవాళ్ళు దీన్ని వైట్ రింగ్ అంటారు. ఇది వైరస్ పని కాదు. నీటిలో కాల్షియం, మెగ్నీషియం చాలకపోయినా, నీళ్ళు ఒక్కసారిగా మారిపోయినా ఇలా అవుతుంది. మీ దగ్గర రెండూ జరిగాయి.

టిన్ను నీళ్ళంటే ఆర్వో నీళ్ళు. టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాలు) మీటరు పెట్టి చూడండి, 50 అటూ ఇటూ చూపిస్తుంది. మనం తాగడానికి బాగుంటాయి గాని, గుల్ల కట్టుకోవాల్సిన జీవికి అందులో ఏమీ లేదు. చెరువులో మినరల్స్ తగ్గితే సాఫ్ట్ షెల్ (మెత్తని గుల్ల) వస్తుందని మీకు నేను చెప్పక్కర్లేదు. అదే లెక్క ఇక్కడా. పైగా వారానికి సగం నీళ్ళు ఒక్క దెబ్బన మార్చేసరికి ఆ కుదుపుకి సిద్ధంగా లేని రొయ్యలు కూడా మోల్టింగ్‌కు దిగుతాయి. చావులు నీళ్ళు మార్చిన మర్నాడో, ఆ పై రోజో ఎక్కువగా ఉన్నాయేమో గుర్తు చేసుకోండి.

ఇక ఆ బీకేసీ చుక్క సంగతి. మీ తొట్టిలో ఇసుక పోను, పైన ఖాళీ పోను ఉన్నవి సుమారు 20 లీటర్లు, అంటే ఒక్క టిన్ను. మీటరు లోతున్న ఎకరా చెరువులో 40 లక్షల లీటర్లు ఉంటాయి. మిల్లీలీటరుకు 20 చుక్కలు అనుకుంటే, 20 లీటర్లలో ఒక్క చుక్క వేయడం ఎకరాకు పది లీటర్లు పోయడంతో సమానం. మీరు ఎకరాకు లీటరో రెండు లీటర్లో వేస్తారు. పది లీటర్లు ఎప్పుడైనా పోశారా? చెరువు మందును తొట్టిలో చుక్కతో కొలవకూడదు. అసలు వేయనే కూడదు. బీకేసీ, అయోడిన్, బ్లీచింగ్ ఏదైనా అంతే. నీటిలో సూక్ష్మజీవులను చంపేది ఏదైనా ఫిల్టరు స్పాంజిలో, ఇసుకలో అప్పుడప్పుడే పట్టుకుంటున్న మంచి బ్యాక్టీరియాను కూడా చంపేస్తుంది.

షాపతను ఇచ్చిన నాచు మందు సీసా మీద ఏం రాసుందో చదివారా? చాలా నాచు మందుల్లోనూ, నత్తల మందుల్లోనూ, చేపల తెల్లమచ్చ మందుల్లోనూ రాగి ఉంటుంది. చేప తట్టుకునే మోతాదు రొయ్యను చంపేస్తుంది. అసలు ఆ నాచు తీసేయాల్సిన అవసరమే లేదు. అద్దాల మీద, రాళ్ళ మీద పట్టే పచ్చని పొర, దానిలోని సూక్ష్మజీవులే చెర్రీ రొయ్యకు మొదటి మేత. పొద్దస్తమానం కాళ్ళతో గీరుకుంటూ తినేది అదే. ముందు అద్దం ఒక్కటి గీకి, మిగతా మూడు వదిలేయండి. తిండిని చంపడానికి మందు అమ్మినవాడు మర్నాడు మేత డబ్బా కూడా అమ్ముతాడు. చెరువుల దగ్గర కూడా ఇదే చూస్తున్నాం. నీళ్ళ రిపోర్టు అడగకుండా, రొయ్యను చూడకుండా కౌంటర్ మీద సీసా పెట్టేవారి మాట మీద వేలకు వేలు పోస్తున్నారు. ఆ బ్యాక్టీరియా సీసా మీద బ్యాసిల్లస్ అని ఉంటే అది అడుగున కుళ్ళును తింటుంది. మేత, వ్యర్థాలు కుళ్ళితే వచ్చే విషం అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా వేరు. అది తొట్టిలో నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మీరు మర్నాడే రొయ్యలు వదిలారు, పైగా రెండు పూటలా మేత వేశారు. కాబట్టి అమ్మోనియా కూడా ఉండే ఉంటుంది.

ఇక్కడొక ప్రమాదం ఉంది, తొందరపడకండి. మినరల్స్ లేవన్నాను కదా అని ఇవాళే బోరు నీళ్ళు పోసేస్తారేమో! పీహెచ్ 7, వేడి 25 డిగ్రీలు ఉన్నప్పుడు మొత్తం అమ్మోనియాలో విషంగా పనిచేసేది అర శాతం చిల్లర. అదే పీహెచ్ 8.2, వేడి 30 డిగ్రీలైతే పదకొండు శాతం దాటుతుంది. టిన్ను నీళ్ళలో పీహెచ్ తక్కువగా ఉండబట్టే ఆ ఏడూ బతికి ఉండవచ్చు. పీహెచ్ ఎక్కువున్న బోరు నీళ్ళు ఒక్కసారి పోస్తే సాయంత్రానికి అవీ మిగలవు.

మిగిలిన ఏడింటినీ కాపాడటానికి టిన్ను నీళ్ళకే మినరల్స్ కలపండి. 20 లీటర్ల టిన్నుకు కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ 2.2 గ్రాములు, మెగ్నీషియం సల్ఫేట్ హెప్టాహైడ్రేట్ (ఎప్సమ్ సాల్ట్) 1.5 గ్రాములు, వంటసోడా 1.8 గ్రాములు. మొదటి రెండూ ల్యాబ్ కెమికల్స్ అమ్మేచోట దొరికే శుద్ధమైన రకమే కొనండి, చెరువు బస్తాలోది వద్దు. గ్రాములో పదో వంతు చూపించే చిన్న డిజిటల్ కాటా కావాలి, చెంచా లెక్క పనికిరాదు. మూడింటినీ వేర్వేరు గ్లాసుల్లో కరిగించి ఒకదాని తర్వాత ఒకటి టిన్నులో పోయండి. చిక్కగా ఉన్నప్పుడే కలిపేస్తే తెల్లగా విరిగి అడుగుకు దిగిపోతుంది. ఇలా కలిపిన నీటిలో హార్డ్‌నెస్ (కాల్షియం, మెగ్నీషియం కలిపి) 105, ఆల్కలినిటీ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే గుణం) 55 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) దగ్గర ఉంటాయి, టీడీఎస్ 250 దగ్గరికి వస్తుంది. చెర్రీ రొయ్యకు ఇది సరిపోతుంది.

ఈ నీళ్ళు కూడా ఒకేసారి పోయకండి. రోజుకు 2 లీటర్లు తీసి, 2 లీటర్లు పోయండి. పోసేది సన్నటి ఎయిర్ పైపుకు ముడివేసి, చుక్కలు చుక్కలుగా గంటకు పైగా పట్టేలా. పది రోజులు ఇలా చేయండి. రోజూ అమ్మోనియా, నైట్రైట్ చూడండి. అక్వేరియం వాళ్ళు వాడే చుక్కల కిట్ కొనుక్కుంటే నెలల తరబడి వస్తుంది. అమ్మోనియా 0.5 పీపీఎం దాటితే ఉదయం 2, సాయంత్రం 2 లీటర్లు మార్చండి. ఒక వారం పాటు చిన్న వల సంచిలో యాక్టివేటెడ్ కార్బన్ వేసి ఎయిర్ బుడగలు వచ్చేచోట వేలాడదీసి తర్వాత తీసేయండి, బీకేసీని కొంత పీల్చుకుంటుంది. రాగి మాత్రం ఎక్కువగా నీళ్ళు మార్చడం వల్లే తగ్గుతుంది. ఈ వారం మేత పూర్తిగా ఆపేయండి. ఏడు రొయ్యలకు ఆ తొట్టిలో నాచే ఎక్కువ.

పది రోజుల తర్వాత వారానికి 2 లీటర్లు మారిస్తే చాలు. ఆవిరై తగ్గిన నీటికి బదులు మాత్రం ఏమీ కలపని టిన్ను నీళ్ళే పోయాలి. ఆవిరయ్యేది నీళ్ళే, లవణాలు అక్కడే ఉంటాయి. పంచాయతీ కుళాయి నీళ్ళు వస్తుంటే భీమవరం ల్యాబ్‌లో హార్డ్‌నెస్, ఆల్కలినిటీ చూపించండి. బాగుంటే బకెట్లో 24 గంటలు ఎయిర్ పెట్టి క్లోరిన్ ఎగిరిపోయాక అవే వాడుకోవచ్చు, ఈ తూకాల గొడవ ఉండదు. కాలువ నీళ్ళు నేరుగా తేవద్దు. వరికి కొట్టే సింథటిక్ పైరిత్రాయిడ్, క్లోరిపైరిఫాస్ లాంటివి నీటిలో నూరు కోట్లలో ఒకటి రెండు వంతులున్నా రొయ్యకు ప్రాణాంతకం. అదే కారణంతో కాలువలోని హైడ్రిల్లా కూడా పీకి తేవద్దు. కొన్న మొక్కలను కూడా రెండు వారాలు విడిగా బకెట్లో ఉంచి, రెండు రోజులకోసారి నీళ్ళు మార్చి, ఆ తర్వాతే తొట్టిలో వేయండి. జావా మాస్, అనుబియాస్, జావా ఫెర్న్ చాలు. చివరి రెండింటినీ దారంతో రాయికి కట్టండి, దుంప ఇసుకలో పూడిస్తే కుళ్ళుతుంది. లైటు రోజుకు ఆరు గంటలు. యూరియా, ఆకుల మీద కొట్టే మైక్రోన్యూట్రియంట్లు వేయవద్దు.

మీరు రాయలేదు గాని అడగాల్సిన సంగతి ఒకటుంది. ఆ గదిలో దోమల మందు మెషీన్ పెడుతున్నారా? చెరువుల పక్కన ఇళ్ళు, పెట్టకుండా ఉండరు. అందులో ఉండేదీ పైరిత్రాయిడే. ఎయిర్ పంపు గదిలో గాలిని పీల్చి రాత్రంతా నీటిలోకి బుడగలుగా కొడుతుంది. తొట్టి ఉన్న గదిలో కాయిల్, మెషీన్, స్ప్రే ఏవీ వద్దు, దోమతెర కట్టుకోండి. కుదరకపోతే తొట్టినే వేరే గదికి మార్చండి.

ఫిల్టరుగా ఎయిర్ పంపుతో నడిచే స్పాంజి ఒకటి చాలు. రొయ్య పిల్లలను లాగేయదు. స్పాంజిని కుళాయి కింద కడగవద్దు, తొట్టిలోంచి తీసిన నీటిలోనే నెలకోసారి పిండండి. మేత మళ్ళీ మొదలుపెట్టినప్పుడు వారానికి రెండుసార్లు, సగం పెసరబద్దంత. రెండు గంటల్లో తినకపోతే తీసేయండి. మీ వీధిలో బాదం చెట్టు ఉంటే దాని కింద రాలి ఎండిన గోధుమరంగు ఆకు ఒకటి కడిగి, ఉడకబెట్టి వేయండి. దాని మీద పెరిగే పొరను వారాల తరబడి తింటాయి. పురుగుమందు కొట్టిన చెట్టుది కాకూడదు. ఎండాకాలం తొట్టి మీదికి చిన్న ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. కరెంటు పోతే బ్యాటరీ ఎయిర్ పంపు సిద్ధంగా ఉంచండి.

ఆరు వారాలు కొత్త రొయ్యలు కొనవద్దు. అమ్మోనియా, నైట్రైట్ రెండూ వారం పాటు సున్నా చూపించి, నైట్రేట్ 20 పీపీఎం లోపు ఉన్నప్పుడే తెండి. బహుశా కొనాల్సిన పనే ఉండదు. ఈ రకానికి హేచరీ, సముద్రపు నీళ్ళు, లార్వా దశలు అక్కర్లేదు. ఆడది పొట్ట కింద ఇరవై ముప్పై గుడ్లు పెట్టుకుని మూడు నాలుగు వారాలు కాళ్ళతో విసురుతూ కాపాడుతుంది. నేరుగా చిన్న రొయ్యలే పుడతాయి. ఏడింటిలో ఒక ఆడ, ఒక మగ ఉన్నా మీ తొట్టి మళ్ళీ నిండుతుంది. మాస్ గుబురుగా ఉంచండి, గప్పీ చేపలు కలపకండి.

చెరువుల గురించి అడిగారు. ఇప్పుడున్నది అంటుకునే జబ్బు కాదు. అయినా వైట్‌స్పాట్ వైరస్ వెనామీనే కాదు, పీతలను, మంచినీటి రొయ్యలను కూడా పట్టుకోగలదు. 1990ల మధ్యలో మన టైగర్ రొయ్యను తుడిచిపెట్టింది అదే. అందుకే చెరువు వల, చెరువు బకెట్, చెరువు నీళ్ళు తొట్టి దగ్గరికి రానివ్వకండి. చెరువు నుంచి వచ్చి సబ్బుతో చేతులు కడుక్కుని, బాగా తొలిచాకే తొట్టిలో పెట్టండి, సబ్బు నురుగూ విషమే. తొట్టి నీళ్ళను చెరువులో గాని, కాలువలో గాని పారబోయకండి, పూలకుండీలకు పోయండి. చచ్చిన వాటిని పూడ్చిపెట్టండి. చెర్రీ రొయ్యలు మన కాలువలవి కావు, విసుగొచ్చినా అందులో వదలవద్దు.

పది రోజుల తర్వాత కూడా చావులు ఆగకపోతే ల్యాబ్‌కు వెళ్ళండి. చచ్చి రంగు మారిన రొయ్యతో ఏమీ తెలియదు. నీరసంగా ఉన్నా బతికున్నదాన్ని తొట్టి నీళ్ళలోనే తీసుకెళ్ళండి. తొట్టి నీళ్ళు, టిన్ను నీళ్ళు, బోరు నీళ్ళు మూడు వేర్వేరు శుభ్రమైన అర లీటరు సీసాల్లో మూత వరకు నింపి, ఏది ఏదో పేరు రాసి పట్టుకెళ్ళండి. షాపులో ఇచ్చిన ఆ రెండు సీసాలు లేబుల్ చింపకుండా అక్కడ చూపించండి, ఏ తేదీన ఎంత వేశారో కాగితం మీద రాసివ్వండి.